మీరాబెన్ హిమాలయ జీవితం: సాధన, పశుపోషణ, అడవి

ఆధునిక భారత చరిత్రలో మీరాబెన్ పేరు ప్రధానంగా గాంధీ శిష్యురాలిగా నమోదైంది. గాంధీ మరణానంతరం ఆమె ఈ దేశంలో గడిపిన పదకొండేళ్లను ఆ శిష్యరికానికి అనుబంధంగా చూడటం పరిపాటి. అయితే ఆమె స్వతంత్ర చింతన స్పష్టమైన రూపం పొందింది ఆ కాలంలోనే.

మడెలైన్ స్లేడ్ 1892లో ఇంగ్లండులో ఒక నౌకాదళాధికారి కుమార్తెగా జన్మించారు. బీథోవెన్ సంగీతంపై అనురక్తి ఆమెను రొమా రోలా వద్దకు చేర్చింది. రోలా రాసిన గాంధీ జీవితచరిత్ర సబర్మతికి దారి చూపింది. ఆమె వెంటనే బయలుదేరలేదు. దాదాపు ఏడాదిపాటు నూలు వడకడం, నేలపై కూర్చోవడం, శాకాహారం అభ్యసించి 1925 నవంబరులో ఆశ్రమం చేరారు. నిరాడంబరత ఆమెకు ముందుగా ఒక అభ్యాసం. సిద్ధాంతం తర్వాత వచ్చింది. ఈ క్రమం గమనించదగినది.

ఆగాఖాన్ భవన నిర్బంధం నుంచి 1944లో విడుదలయ్యాక ఆమె రూర్కీ సమీపంలో కిసాన్ ఆశ్రమాన్ని, ఆ తర్వాత ఋషీకేశ్ వద్ద పశులోక్‌ను నెలకొల్పారు. 1948 జనవరిలో గాంధీ హత్య వార్త ఆమెకు అక్కడే తెలిసింది. ఆమె ఢిల్లీకి వెళ్లలేదు.

పశులోక్‌లో వర్షాకాలపు గంగ వరదలను చూసిన ఆమె, వాటి మూలాన్ని వెతుక్కుంటూ ఎగువ లోయలవైపు దృష్టి సారించారు. 1952లో భిలంగనా లోయలో గోపాల్ ఆశ్రమం ఏర్పాటు చేసుకున్నాక ఆ పరిశీలన మరింత లోతుకు వెళ్లింది. అడవి తరిగిపోవడం కన్నా అడవిలోని చెట్ల జాతి మారిపోవడమే అసలు సమస్య అని ఆమె నిర్ధారించారు. బాంజ్ ఓక్ ఆకులు రాలి నేలపై మెత్తని పొరగా కుళ్లుతాయి; వాననీటిని నేలలోకి ఇంకనిస్తాయి; ఊటలు నిలుస్తాయి. దాని కొమ్మలు పశువులకు మేత, పొయ్యికి వంటచెరకు. చీడ్ పైన్ కింద పేరుకునే ఎండు సూదులవంటి ఆకులను పశువులు ముట్టవు. వాటి అడుగున పొదలూ గడ్డీ అంతగా పెరగవు. నీరు వాలుమీదుగా జారిపోతుంది. కలప, టర్పెంటైన్‌కు పనికివచ్చే రెజిన్ అటవీశాఖకు రాబడి ఇచ్చేవి కనుక పైన్‌కు ఆదరణ దక్కింది.

ఆమె తప్పునంతటినీ ప్రభుత్వంపైకి నెట్టలేదు. మేతకోసం గ్రామస్థులు ఓక్ కొమ్మలను విచక్షణ లేకుండా నరికి చెట్టును బలహీనపరుస్తున్నారని కూడా రాశారు. ఒక పద్ధతి ప్రకారం నరికితే మేతా దక్కుతుంది, చెట్టూ బతుకుతుందని సూచించారు. పశువుల మేతకోసం ప్రతిదినం ఆలోచించవలసి వచ్చిన మనిషి చెప్పగల మాట ఇది. గాంధీ రచనలలో గ్రామజీవన విమర్శ ఉంది గానీ, ఏ చెట్టు కింద ఏ గడ్డి మొలుస్తుందన్న ఈ స్థాయి వివరం కనిపించదు. కాబట్టి దీనిని కేవలం గాంధేయ భావాల అన్వయంగా లెక్కించడం సరికాదు.

కశ్మీర్‌లో పశు అభివృద్ధికై చేసిన ప్రయత్నం కూడా నిలవలేదు. 1959లో ఆమె భారతదేశం విడిచి, అనంతరం ఆస్ట్రియాలో, బీథోవెన్ తిరిగిన ప్రాంతంలో స్థిరపడి 1982లో అక్కడే కన్నుమూశారు. చిప్కో ఉద్యమం ఆమె వెళ్లిన పద్నాలుగేళ్లకు, 1973లో, గఢ్వాల్‌లో మొదలైంది. దాని నాయకులలో ఒకరైన సుందర్‌లాల్ బహుగుణపై ఆమె ప్రభావం ఉంది. ప్రజల జ్ఞాపకంలో చిప్కో అంటే గొడ్డలికి అడ్డుపడటం. మీరాబెన్ అడిగింది ఇంకొక ప్రశ్న: కొట్టివేసిన చోట ఏ చెట్టు లేస్తోంది? ఉత్తరాఖండ్ కొండలలో వేసవి కార్చిచ్చులు లేచినప్పుడల్లా, నేలపై పరుచుకున్న ఎండు పైన్ ఆకుల గురించిన చర్చలో ఆ ప్రశ్న మళ్లీ ముందుకు వస్తోంది.