విమానయానమున సెల్‌ఫోను వినియోగము

విమానము నేల విడుచుటకు పూర్వము ప్రయాణికులు తమ సెల్‌ఫోనులను ఆపివేయవలెననియో, ఫ్లైట్ మోడ్‌లో నుంచవలెననియో సిబ్బంది ప్రకటించుట లోకవిదితమైన ఆచారము. ఈ నిబంధనకు మూలమైన భయములు రెండు. అవి వేర్వేరు కాలములందు, వేర్వేరు కార్యాలయములలో జనించినవి. ఫోను వెలువరించు రేడియో తరంగములు విమానమునకు దారిచూపు యంత్రములను కలతపెట్టునేమో యన్నది మొదటిది; ఆకాశమునుండి మాట్లాడు ఫోను భూమిమీది టెలిఫోను వ్యవస్థను అస్తవ్యస్తము చేయునన్నది రెండవది. సామాన్య ప్రయాణికుడు మొదటిదానినే విని యుండును గాని, అమెరికాలో సెల్‌ఫోనును పేరుపెట్టి నిషేధించిన శాసనము రెండవదానినుండియే పుట్టినది.

మొదటి భయము సెల్‌ఫోనుకంటె వయసున చాల పెద్దది. చేతబట్టుకొని పోదగిన ఎఫ్.ఎం. రేడియోలు ప్రయాణికులవెంట విమానములెక్కిన 1950వ దశాబ్ది చివరి యేండ్లలో అది పొడచూపెను. ఎఫ్.ఎం. రేడియో కేవలము వినెడి యంత్రమేయైనను, తాను పట్టిన స్టేషనును వినిపించుటకై దానికంటె 10.7 మెగాహెర్ట్‌జులు అధికమైన మరియొక తరంగమును తనలోనే పుట్టించుకొనును. అందు కొంత పెట్టె దాటి వెలికి వచ్చును. శ్రోత 100 మెగాహెర్ట్‌జుల స్టేషనును పెట్టుకొన్నచో, రేడియోలోపల పుట్టునది 110.7 మెగాహెర్ట్‌జుల తరంగము. విమానమును రన్‌వే మధ్యరేఖపైకి తెచ్చెడి లోకలైజరు సంకేతములును, మార్గము తెలుపు వీ.ఓ.ఆర్. కేంద్రముల సంకేతములును 108 మొదలు 118 మెగాహెర్ట్‌జుల నడుమనే యుండుటచేత, పాట వినుచు కూర్చున్న ప్రయాణికుడు తనకు తెలియకయే పైలట్ పనిలో జోక్యము చేసికొన్నవాడగుచుండెను. ఇది ఊహ కాదు; రేడియో ఆపినంతనే సూచికలోని దోషము తొలగుటయు, మరల పెట్టగనే తిరిగి వచ్చుటయు పరీక్షలలో కనబడినది. 1963లో అమెరికాలోని ఆర్.టి.సి.ఏ. అను సాంకేతిక సంఘము ఈ విషయమై నివేదిక వెలువరింపగా, 1966లో అచటి విమానయాన ప్రభుత్వ సంస్థ ప్రయాణికుల వెంటనుండు ఎలక్ట్రానిక్ పరికరములన్నిటికిని వర్తించు నియమము చేసెను. దానినుండి మినహాయింపు పొందినవి వాయిస్ రికార్డర్లు, వినికిడి యంత్రములు, పేస్‌మేకర్లు, గడ్డము గీసికొను విద్యుత్ యంత్రములు. నాటి ప్రయాణికుని సంచిలో నేముండెడిదో ఈ పట్టిక చూచినచో తెలియును.

రెండవ భయము కథ వేరు. 1983లో షికాగో నగరమున వాణిజ్య సెల్యులార్ సేవ మొదలయ్యెను. ఆ పద్ధతియొక్క కీలకమంతయు పొదుపులో నున్నది: నేలమీది ఫోను సమీపమునగల కొద్ది టవర్లకు మాత్రమే వినబడును గనుక, అదే తరంగమును కొంత దూరమున మరియొకరికి కేటాయింపవచ్చును. వేలకొలది అడుగుల యెత్తుననున్న ఫోనుకు కొండలును మేడలును అడ్డురావు. అది ఒక్కమారే పెక్కు టవర్లకు వినబడి, ఎందరో పంచుకొనవలసిన తరంగమును తానొక్కటియే ఆక్రమించును. ఈ హేతువుచేతనే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1991లో, ఎగురుచున్న విమానములనుండి 800 మెగాహెర్ట్‌జుల సెల్‌ఫోనులను వాడరాదని శాసించెను. విమానము కూలునని ఆ కమిషన్ చెప్పలేదు. అది చెప్పుట దాని పనియు కాదు. ప్రయాణికుని సొంత ఫోనును మూయించి, 1984నుండి విమానములలో వెలసిన ఎయిర్‌ఫోను అను అద్దె టెలిఫోనుకు గిరాకి కల్పించుటకే ఈ నిషేధమంతయు నను అపవాదొకటి ప్రచారమున నున్నది. అనుమానము సహజమే గాని, పరికరములపై 1966నాటి నిషేధము ఎయిర్‌ఫోనుకు దాదాపు రెండు దశాబ్దులు ముందరిదగుటచేత అది నిలువదు.

సెల్‌ఫోను మూలమున కూలినదని రుజువైన పెద్ద ప్రయాణిక విమానము ఒక్కటియు లేదు. 2000 జనవరి 10న జ్యూరిక్‌నుండి డ్రెస్డెన్‌కు బయలుదేరిన క్రాస్‌ఎయిర్ వారి సాబ్ 340 విమానము కొద్ది నిమిషములకే కూలి పదిమంది మరణింపగా, తొలుత ఫోనులపై అనుమానము పుట్టెను. కాని దర్యాప్తులో పైలట్ దిక్కు తోచక విమానముపై అదుపు కోల్పోవుటయే కారణమని తేలినది. న్యూజిలాండ్ ఉదంతము ఇంత సులభముగ కొట్టివేయదగినది కాదు. 2003 జూన్ 6 రాత్రి పామర్‌స్టన్ నార్త్‌నుండి క్రైస్ట్‌చర్చ్‌కు పోవుచున్న చిన్న పైపర్ విమానము, రన్‌వే చేరకమునుపే చెట్లకు తగిలి నేలపడగా, పదిమందిలో ఎనిమిదిమంది మరణించిరి. పైలట్ సొంత ఫోను ఇంటికి కలుపబడి, చివరి మూడు నిమిషములు తెగకుండ నుండెను. అతడు అంత తక్కువ యెత్తునకు ఏల దిగెనో నిశ్చయముగ తేలలేదు గాని, ఆ ఫోనువలన యంత్రము తప్పుడు సూచన నిచ్చియుండవచ్చునని దర్యాప్తు సంఘము వ్రాసినది. ‘ఉండవచ్చును’ అను మాటకు మించి ఈ చరిత్రలో ఏ దుర్ఘటనయు పోలేదు.

ప్రయోగశాలలలో మాత్రము ఫలితములు స్పష్టముగ కనబడినవి. బ్రిటిష్ పౌరవిమానయాన సంస్థ 2003లో జరిపిన పరీక్షలలో, బలమైన ఫోను తరంగముల సమీపమున దిక్సూచి స్తంభించుటయు, వీ.ఓ.ఆర్. సూచికలు చలించుటయు, శబ్దప్రసార సాధనములలో రొద పుట్టుటయు జరిగెను. జి.ఎస్.ఎం. ఫోను సెకనుకు 217 మార్లు తునకలు తునకలుగ ప్రసరించుటచేత పుట్టెడి ఆ గరగర శబ్దమును, స్పీకరు ప్రక్క ఫోను పెట్టిన వారందరును ఇంటిలోనే విని యుందురు. మరియొక వంక, ఒక విమానమున స్వయంచాలక యంత్రము (ఆటోపైలట్) పనిచేయుట మానుటకు కారణమని అనుమానింపబడిన ల్యాప్‌టాప్‌ను బోయింగ్ సంస్థ ప్రయాణికునివద్దనే కొని పరీక్షింపగా, ఆ దోషము మరల కనబడనే లేదు. ఈ శాస్త్రములోని చిక్కంతయు ఇదియే: ఫోనొకటి, సీటొకటి, తీగ వయస్సొకటి, తరంగమొకటి కలిసి వచ్చిననే గాని దోషము పుట్టదు. అమెరికా ఈశాన్య ప్రాంతమున 2003లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము వారు విమానములలో కొలువగా, నిషేధమున్నను ప్రతి ప్రయాణమునందును సగటున ఒకటి మొదలు నాలుగు ఫోను కాల్‌లు జరుగుచున్నట్లు తేలినది. ఇందరు మాట్లాడినను విమానములు కూలలేదు గదాయని వాదించువారు ప్రమాదము అరుదని నిరూపించుచున్నారే గాని, శూన్యమని కాదు. 2014లో అమెరికా ప్రభుత్వము, వైఫై తరంగములకు పరీక్షలో తెర వెలవెలబోయినదను కారణమున, వేయికి పైగా బోయింగ్ విమానములలో పైలట్ ముందుండు తెరలను మార్పించినది.

భయమునకు విరుగుడు ఫోనును మూయించుటలో గాక, దాని బలమును తగ్గించుటలో లభించెను. దూరముననున్న టవరు నందుకొనుటకు ఫోను, దూరపువానిని పిలుచువాడు గొంతు పెంచినట్లు, తన శక్తిని పెంచుకొనును. విమానములోపలనే చిన్న టవరు నమర్చినచో అది కనిష్ఠ శక్తితోనే పనిచేయును. ఈ పద్ధతిని ఎమిరేట్స్ సంస్థ 2008 మార్చిలో ప్రయాణికులకు మొదటిసారిగ అందించెను. 2013 అక్టోబరులో అమెరికా, 2014 ఏప్రిల్‌లో భారతదేశము, ఫ్లైట్ మోడ్‌లో నున్న పరికరములను ప్రయాణమంతయు వాడుకొననిచ్చినవి. 2014 సెప్టెంబరులో ఐరోపా, పరీక్షలో నెగ్గిన విమానములలో ఫ్లైట్ మోడ్ కూడ అక్కరలేకుండ జేయ విమాన సంస్థలకు అవకాశమిచ్చెను. భారతమున 2018 నియమములు 3000 మీటర్లపైన ఈ సేవలకు తలుపు తెరచినవి. అమెరికా మాత్రము కాల్‌లపై నిషేధమును సడలింప 2013లో ప్రతిపాదించి, 2020లో విరమించుకొనెను. అచట విమాన సిబ్బంది భయపడినది తరంగములకు గాదు, ప్రక్కసీటులోని ఎడతెగని సంభాషణకు.

2022 జనవరిలో అమెరికాలో 5జి సేవలు ఆరంభమైనప్పుడు ఎయిరిండియా, ఎమిరేట్స్ కొన్ని ప్రయాణములను రద్దు చేయుట ఈ చర్చతో కలిపి చెప్పబడుచున్నది గాని, ఆ వివాదము ప్రయాణికుని జేబులోని ఫోనుకు సంబంధించినది కాదు. యెత్తును కొలుచు రేడియో ఆల్టిమీటరు 4.2 మొదలు 4.4 గిగాహెర్ట్‌జులలో పనిచేయును. 5జి టవర్లు 3.7 మొదలు 3.98 గిగాహెర్ట్‌జులలో ప్రసరించును. ఈ సామీప్యమే కలవరమునకు హేతువు.

నేటి సెల్‌ఫోనువలన విమానమునకు గల ప్రధానమైన ముప్పు దాని తరంగములో గాక, దాని బ్యాటరీలో నున్నది. 2016లో సామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోనులు మండుటచేత అమెరికా వానిని విమానములలోనికి రానీయలేదు. లిథియం బ్యాటరీ నలిగినచో తనంత తానే వేడెక్కి మండవచ్చును. అందుకే ఫోను సీటు సందులోనికి జారినప్పుడు, దానికై సీటును ముందువెనుకలకు కదపక, సిబ్బందిని పిలువవలెను.