పేరున్న నాయకుడు, పేరు చెప్పని నాయిక: జనప్రియ నవలలో ఒక మలుపు

తెలుగు జనప్రియ నవలలోని ప్రేమకథను మన విమర్శ ఎక్కువగా ధనిక నాయకుడు, మధ్యతరగతి నాయిక అన్న చట్రంలోనే చదివింది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’కి ఆ చట్రం సరిపోతుంది. అందులో జయంతికీ రాజశేఖరానికీ నడుమ ఉన్న దూరం ఆర్థికమైనది. ఆమె అతని వద్ద ఉద్యోగిని. అతణ్ణి దగ్గరగా గమనించగలదు, ఎదురు చెప్పగలదు. సంపదకు ఎదురుగా ఆమె నిలిపినది ఆత్మాభిమానం. 1976లో చలనచిత్రంగా వచ్చినప్పుడు కూడా కథకు బలం అదే.

యండమూరి వీరేంద్రనాథ్ ‘వెన్నెల్లో ఆడపిల్ల’కు వచ్చేసరికి ఈ చట్రం చాలదు. రేవంత్ పేరుపొందిన చదరంగ క్రీడాకారుడు. అతనికీ, ఫోనులో మాట్లాడే అమ్మాయికీ నడుమ ఉన్నది ప్రధానంగా ఖ్యాతి తెచ్చిన దూరం. సంపదకూ ఖ్యాతికీ ఒక మౌలిక భేదం ఉంది. ప్రసిద్ధుణ్ణి అతనెరుగని వారు సైతం ఎరుగుదురు. ఆమెకు అతని గురించి ఎంతో తెలుసు. అతనికి ఆమె కంఠస్వరం తప్ప మరేమీ తెలియదు. తానెవరో కనుక్కోమని ఆమె పెట్టే పరీక్షకు ఆధారం ఈ అసమానతే. చదరంగంలో ఎదుటివాని ఎత్తును ముందే ఊహించగల వాడు ఇక్కడ ఎదుటి మనిషినే చూడలేడు. సామాన్యురాలి అనామకత్వం ఇక్కడ లోపం కాక బలమైంది.

దీనిని సాధ్యం చేసినది నాటి టెలిఫోను. పిలిచినవారి సంఖ్య కనిపించని పరికరమది. చేతిఫోనుతో పెరిగిన నేటి విద్యార్థికి ఈ సంగతి ముందుగా చెప్పకపోతే నవల అర్థం కాదు. సాహిత్య చరిత్రలో సాంకేతిక సాధనాల ప్రస్తావనను మనం అనవసరంగా చిన్నచూపు చూశామని నా అభిప్రాయం.

ఈ నాయిక స్థానం పాఠకురాలి స్థానానికి చాలా దగ్గరది. ధారావాహికలు చదివే పాఠకురాలికి రచయిత పేరు, ఛాయాచిత్రం తెలుసు. రచయితకు ఆమె తెలియదు. ఆమె ఉత్తరం రాయగలదు, రాయకుండానూ ఉండగలదు. ‘వ్యాపార నవల’ అని ముద్రవేసి పక్కన పెట్టినందువల్ల ఈ పోలికను పరిశీలించే అవకాశం పోయింది.

అయితే ఈ బలానికి నవల గట్టి హద్దే గీసింది. రేవంత్ ఆమెను చేరేసరికి ఆమె జీవించి లేదు. కరుణరసం కోసం చేసిన కల్పనగా దీనిని కొట్టివేయవచ్చు. నాకు మాత్రం అది కథానిర్మాణం కోరిన ముగింపే. ఆమె ఎవరో తెలిసిన క్షణాన ఆమెకున్న ఆధిక్యం పోతుంది. ఆ తరువాత జరగవలసిన వివాహాన్ని, గృహజీవితాన్ని రాయవలసిన పని రచయితకు తప్పింది.

ఖ్యాతి స్త్రీ వైపు ఉన్నప్పుడు లెక్క పూర్తిగా మారుతుంది. 2012 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం పొందిన రావూరి భరద్వాజ ‘పాకుడురాళ్లు’ నవలలో మంగమ్మ సినిమా నటి మంజరిగా మారుతుంది. అది ప్రేమకథ కాదు. అయినా ఇక్కడ పోల్చదగినదే. లోకానికి తెలియడమంటే రేవంత్‌కు గౌరవం, మంజరికి అంగడి. ఆమె తన పేరును సైతం నిలుపుకోలేదు.

యండమూరి నవల ఆధారంగా 1995లో సునీల్ కుమార్ దేశాయి కన్నడంలో ‘బెళదింగళ బాలె’ తీశారు. రేవంత్‌గా అనంత్ నాగ్ నటించారు. నాయిక ముఖాన్ని మాత్రం ప్రేక్షకులకు చూపలేదు.