విద్యాసాంకేతికము – పరిశోధనా ప్రమాణము

విద్యాసాంకేతిక శాఖలో పరిశోధనకు పట్టము నొసగుటకు ప్రమాణమేది? ఇందులకు సమాధానము మన సమీపచరిత్రలోనే కలదు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు జరిగిన ‘సైట్’ ప్రయోగమున, ఏటీఎస్-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు దూరదర్శన కార్యక్రమములు ప్రసారమైనవి. నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామములును వానిలో నుండెను. ఉదయము బాలురకు, సాయంకాలము పెద్దలకు ప్రసారములు. యంత్రములను ఇంజనీర్లు నిర్వహింపగా, మానవశాస్త్రజ్ఞులు కొందరు గ్రామములలోనే నివసించి ఫలితములను పరిశీలించిరి.

నేడు హైదరాబాదు పరిశోధకునికి శంషాబాదు చెంతనున్న పాల్మాకుల దూరము కాదు. అట్టి గ్రామపు బడిలో కూర్చుండి, పాఠము బాలునికి అందినదో లేదో స్వయముగా చూడక, నింపించిన ప్రశ్నావళులతోనే సిద్ధాంతవ్యాసము ముగించువానికి పట్టము నొసగుట తగదని మా యభిప్రాయము. పర్యవేక్షకులమైన మాకును ఈ నియమము వర్తించును.