వరి ఏరు పిట్ట

ఉత్తర అమెరికాలో మహాసరస్సుల పరిసరములందు నివసించు ఒజిబ్వే జాతివారు రేవెన్ అను పెద్ద నల్లకాకిని ‘గాగాగి’ అందురు. మన ‘కాకి’తో పోలిక చూచి రెండు భాషలకు చుట్టరికము కలుపరాదు, ఇరువురికిని ఆ పేరు నేర్పినది పక్షి గొంతే. గుడ్లగూబకు వారు పెట్టిన ‘గోకోకోఓ’ అను పేరును అట్టిదే.

అయితే కూతనుబట్టి వచ్చిన పేరు పక్షి ఎచట బ్రతుకునో, ఏమి తినునో చెప్పదు. ఆ సంగతి చెప్పు పేర్లు వేరే కలవు. మన నీటికోడి కుటుంబమునకే చెందిన ‘సోరా’ అను చిన్న పక్షిని వారు ‘మనోమినికేషీ’ అందురు. ‘మనోమిన్’ అనగా లోతులేని సరస్సులలో దానంతట అది పెరుగు అడవి వరి. మన వరికి దగ్గర బంధువు. ‘మనోమినికే’ అనగా ఆ గింజలను సేకరించుట. కావున ఇది వరి ఏరు పిట్ట.

సోరా వేసవిలో పురుగులను, నత్తలను కూడ తినును. ఆగస్టు చివర, సెప్టెంబరులో వరి పండగానే ఆ గింజలు తిని కొవ్వు పట్టి, దక్షిణమునకు వలసపోవును. సరిగా ఆ దినములలోనే ఒజిబ్వేలు పడవలలో కోతకు వెళ్లుదురు. ఒకరు గడతో పడవ నడుపగా, మరియొకరు ఒక కర్రతో కంకులను పడవపైకి వంచి, రెండవ కర్రతో మెల్లగా తట్టుదురు. నీటిలో రాలిన గింజలు మరుసటి వసంతమున మొలకెత్తును. దుబ్బుల నడుమ దూరి తిరుగు ఈ పిట్టను వారు తోటి కూలీగా చూచిరి కాబోలు! సెయింట్ క్రాయ్ ప్రాంతపు ఒజిబ్వేలకు ఈ పక్షి పేరే జనుల పేరైనది.

1758లో లిన్నేయస్ ఇదే పక్షికి ‘కరోలినా’ ప్రాంతమునుబట్టి పేరు పెట్టెను. వర్గీకరణకు అది చాలును. పక్షి జీవితమును గూర్చి మాత్రము అందేమియు లేదు.

అడవి వరి ఆకులు నీటిపై తేలు దశలో నీటిమట్టము హఠాత్తుగా పెరిగినచో మొక్కలు వేళ్లతో సహా లేచిపోవును. ఆనకట్టల మూలమున పెక్కు వరిమడుగులు ఇట్లే నశించినవి. వరి లేని మడుగులో ఆ పిట్ట పేరుకు అర్థమేమి?

‘ఒమీమీ’ అను మాట కథ ఇంకను విషాదకరము. ఒకనాడు ఆ పేరు గుంపులుగా ఆకాశమును కప్పివేసిన వలస పావురమునకు చెల్లెడిది. మతబోధకుడు బరాగా రచించిన ఒజిబ్వే నిఘంటువు 1853లో సిన్సినాటి నగరమున అచ్చైనది. వేటవలన, అడవుల నరికివేతవలన ఆ పావురములు అంతరించి, చివరిది 1914 సెప్టెంబరు 1న అదే నగరపు జంతుప్రదర్శనశాలలో చనిపోయినది. నేడు ఒజిబ్వే పిల్లలు ‘ఒమీమీ’ అని పిలుచునది వేరు పావురములను, గువ్వలను.