'ఒరే' అనిపించుకున్న మగాడు

మగాడంటే ఎవరని అడిగితే డాక్టర్లు ఒక జవాబు చెప్తారు. తండ్రి నుంచి వచ్చే వై క్రోమోజోము మీద ఒక జన్యువు ఉంటుంది, పిండంలో వృషణాలు తయారయ్యే పని అది మొదలుపెడుతుంది. దాన్ని 1990లో గుర్తించారు. మొదటి ఆరు వారాల దాకా ఆడపిండానికీ మగపిండానికీ ఆ అవయవాల్లో తేడానే ఉండదు. అన్ని ఒళ్లూ ఈ లెక్కలో ఇమడవు, అది వేరే చర్చ. మేమడిగేది ఒక్కటే. ఆ జన్యువు ఊళ్లో ఒకలాగా, పేటలో ఇంకోలాగా పనిచెయ్యదు కదా, మరి మగతనం అందరికీ ఒక్కలాగే ఎందుకు దక్కలేదు?

ఊరి లెక్కలో మగాడికి గుర్తులు వేరే ఉండేవి. భూమి, మెలేసిన మీసం, తలపాగా, కాళ్లకి చెప్పులు, పేరు చివర 'గారు'. దళితుడు పెద్దకులం వీధిలోకి వస్తే చెప్పులు చేతబట్టుకోవాలి, తలగుడ్డ తీసి నడుముకి చుట్టుకోవాలి. పదేళ్ల ఆసామి కొడుకు అరవయ్యేళ్ల పాలేరుని 'ఒరే' అంటే, ఆ ముసలాయన 'అయ్యా' అని పలకాలి. తెలంగాణ గడీల ముందు 'నీ బాంచెన్ దొరా' అన్నోడు తను బానిసనని తన నోటితోనే ఒప్పుకోవాలి. దున్నడానికీ మొయ్యడానికీ వాడి కండబలం కావాలి, ఆ బలానికి మర్యాద మాత్రం ఉండదు. చచ్చేదాకా వాడు 'గాడే'.

ఇది ఒక్క ఊరి పెత్తందార్ల పనే కాదు. 1818లో కోరెగావ్ దగ్గర కంపెనీ తరఫున పోరాడినవాళ్లలో మహార్లున్నారు. అంబేడ్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. అయినా 'యుద్ధజాతులు' అనే సిద్ధాంతం తలకెక్కిన తెల్ల అధికారులు 1890ల మొదట్లో మహార్లని చేర్చుకోవడం ఆపేశారు. మొదటి ప్రపంచయుద్ధంలో మనుషులు చాలకపోతే మళ్లీ పిలిచారు, యుద్ధమయ్యాక ఇంటికి పంపారు. 1941లో ఇంకో యుద్ధం మధ్యలో ఏకంగా మహార్ రెజిమెంటే పెట్టారు. ఇంతలో వాళ్ల నెత్తురేం మారింది? మారింది సర్కారు కాయితం.

'గాడు' చదువుకుని, ప్యాంటు తొడిగి, కుర్చీలో కూర్చుంటే మాత్రం ఊరి మాట తిరగబడుతుంది. నిన్నటిదాకా మగాడే కానివాడు ఒక్కసారిగా ఆడోళ్లకి ప్రమాదమైన మగాడవుతాడు. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ ముదిరి, 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. దళిత కుర్రాళ్లు తమ ఆడపిల్లల జోలికొస్తున్నారన్న ప్రచారమే హంతకులకి అండ. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

కారంచేడు ఇంకో సంగతి చెప్తుంది, దాన్ని మన మగాళ్లు సరిగా వినలేదు. 1985 జూలైలో మాదిగల మంచినీళ్ల చెరువు దగ్గర ఊరి కుర్రాళ్లు గేదెల కుడితి పారబోస్తుంటే అడిగినోడికి దెబ్బలు పడ్డాయి. ఎదురుగా బిందె ఎత్తింది సువార్తమ్మ. మర్నాడు, 17న, ఆరుగురు మాదిగల్ని చంపారు, ఆడవాళ్లని చెరిచారు. చెరచడం కామంతో చేసిన పనిగా చూస్తే పొరపాటు. మీ ఆడోళ్లని మీరు కాపాడుకోలేరు, మీరు మగాళ్లే కారు అని పేట మగాళ్లకి ఆ ఆడవాళ్ల ఒళ్ల మీద చెప్పిన మాట అది.

ఆ మాటకి మనవాళ్లు చాలామంది 'మేమూ మగాళ్లమే' అని జవాబిచ్చారు. మన మీటింగుల్లో 'చేతికి గాజులు తొడుక్కున్నామా' అన్న కేక ఎంత విన్నామో! బిందె ఎత్తిన చేతికి గాజులే ఉన్నాయి కదా. ఆసామి మీసం మన మూతి మీదికి వస్తే దెబ్బ తినేది మన ఇంట్లోనే. పొలంలో ఆడకూలి మగకూలి కన్నా తక్కువైతే పేట మగాళ్లు దాన్ని న్యాయమనే అనుకున్నారు. 1942 జూలైలో నాగపూర్‌లో జరిగిన దళిత మహిళల సభలో అంబేడ్కర్, పెళ్లయిన ప్రతి ఆడపిల్లా మొగుడికి సమానంగా, స్నేహితురాలిగా నిలబడాలనీ, బానిసగా ఉండటానికి ఒప్పుకోవద్దనీ చెప్పాడు. ఆయన మిగతా ప్రసంగాలు చదువుకున్నంతగా దాన్ని మన సంఘాల్లో చదువుకోలేదు. నాయకులు మగాళ్లే, వేదిక మీద కుర్చీలూ మగాళ్లవే, ఆడవాళ్లు ఎక్కువగా ఊరేగింపుల్లో ముందు వరసకీ వంటకీ.