మా ఊరి సంఘంలో వసంతం



వసంతకాలం అనగానే మీకేం గుర్తొస్తుంది? వేపపూత, మామిడి పిందెలు, ఉగాది పచ్చడి, కోయిల కూత. అవునా? నాకు వీటితోపాటు ఇంకో రెండు గుర్తొస్తాయి. ఒకటి, మా పుట్టింటి వంటింట్లో మూలన వుండే చిన్న బియ్యం ముంత. రెండోది, తెల్లవారుజామున సమాధుల తోటలో వెలిగే కొవ్వొత్తి. నేను పుట్టింది పల్నాడులోని సత్తెనపల్లిలో, లూథరన్ సంఘానికి చెందిన ఇంట్లో. మెట్టింది హైదరాబాదులో, అమీర్‌పేటలో. ఆ ముంత సంగతీ, ఆ కొవ్వొత్తి సంగతీ ఇవాళ మీతో చెప్పుకోవాలని వుంది. పెద్ద చదువులు చదివినదాన్ని కాను. మెట్రిక్యులేషన్‌తో ఆగిపోయాను. అయినా ఇంటి చరిత్ర చెప్పడానికి ఆ మాత్రం చాలుననుకుంటాను.

క్రైస్తవులు ఈస్టరుకు ముందు ఆదివారాలు మినహాయించి నలభై రోజులు ఉపవాస ప్రార్థనలు చేస్తారు. వీటిని మనవైపు శ్రమదినాలంటారు. ఇంగ్లీషులో లెంట్ అంటారు. ఆ మాటకు పాత ఇంగ్లీషులో అర్థమేమిటో తెలుసా? వసంతకాలం! పగళ్ళు పొడుగయ్యే కాలమని. ఈస్టరు తేదీని కూడా మన పండుగల్లాగే చంద్రుణ్ణి చూసి లెక్క కడతారు. మార్చి 21న గాని, ఆ తర్వాత గాని వచ్చే మొదటి పున్నమి దాటిన ఆదివారం ఈస్టరు. అందుకే అది మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటిపోదు. ఉగాదితో దోబూచులాడుతూ వుంటుంది. 2024లో ఈస్టరు మార్చి 31న ముందొచ్చింది, ఉగాది ఏప్రిల్ 9న వెనకొచ్చింది. 2025లో ఉగాది మార్చి 30న ముందు, ఈస్టరు ఏప్రిల్ 20న తర్వాత. పక్కింటివాళ్ళు పచ్చడి గిన్నె పంపే రోజుల్లోనే మా ఇంట్లో ఉపవాసాలు నడిచేవి. అమ్మ ఆ గిన్నెను కాదనేది కాదు. ఈస్టరు నాడు అదే గిన్నెలో పాయసం పోసి తిప్పి పంపేది.

ఇక ఈ సంఘం మన నేలమీదకు ఎలా వచ్చిందో చెప్తాను. జర్మనీ దేశంలో మార్టిన్ లూథరుగారు 1517లో మొదలుపెట్టిన సంస్కరణ నుంచి పుట్టింది లూథరన్ శాఖ. ఆ జర్మనీలోనే 1793లో పుట్టి, అమెరికాలో స్థిరపడిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరుగారు 1842 జులై 31న గుంటూరు చేరారు. అప్పటికాయన వయసు 49. పల్నాటి గురజాలలో కూడా కొంతకాలం వుండి పనిచేశారు. తిరిగి వెళ్ళిపోయి, రాజమండ్రి మిషను చేజారిపోతుందని తెలిసి, 1869లో 76వ ఏట మళ్ళీ ఓడెక్కి వచ్చారు. మన ఇళ్ళల్లో ఆ వయసువాళ్ళు తిరుపతి ప్రయాణానికే వెనకాడతారు కదా! ఆయన వెనక ఎందరో వచ్చారు. బళ్ళు, ఆసుపత్రులు, 1885లో గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల వచ్చాయి. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది.

ఇదంతా పుస్తకాల్లో వున్నదే. నేను చెప్పదలచుకున్నది పుస్తకాల్లో అంతగా కనబడనిది. హయ్యరుగారి దేశంలో వసంతమంటే మంచు కరిగి, గడ్డి మొలిచే చల్లని కాలం. మన గుంటూరు సీమలో వసంతం చివరికొచ్చేసరికి నిప్పులు చెరుగుతుంది. అందుకని ఎండలు ముదరగానే మిషనరీ దొరలు, దొరసానులు చాలామంది కొడైకెనాల్ కొండలకు వెళ్ళి వుండేవారు. వాళ్ళను తప్పుపట్టలేం. ఈ ఎండలకూ, జ్వరాలకూ బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు వాళ్ళలోనూ వున్నారు. కాని సంఘానికి సెలవులుండవు కదా! మరి ఆ నెలల్లో సంఘాన్ని ఎవరు నడిపినట్టు? తెలుగు పాస్టర్లు, ఉపదేశులు, బడిపంతుళ్ళు. వాళ్ళతోపాటు ఆడవాళ్ళు. నన్నడిగితే ముఖ్యంగా ఆడవాళ్ళే.

బియ్యం ముంత సంగతి వినండి. మా సంఘంలో ఎక్కువమంది కూలికి పోయే దళిత కుటుంబాలవాళ్ళు. శ్రమదినాలు సరిగ్గా మిరపకోతల రోజుల్లో పడతాయి. పొద్దున్నే చద్దన్నం తిని చేలోకి పోతే, సాయంత్రానికి చేతులు మంటలెత్తుతూ ఇంటికొచ్చేవాళ్ళు. ఆ చేతులు ఎంత కడుక్కున్నా మంట పోదు. పసిబిడ్డ మొహాన్ని తాకాలంటే భయం. అలాంటి చేత్తోనే, ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి ముంతలో వేసేవాళ్ళు. కానుకపెట్టెలో వెయ్యడానికి కాసు లేనివాళ్ళకు కూడా పిడికెడు బియ్యం వుంటుందని ఎవరు కనిపెట్టారో గాని, వాళ్ళు తప్పకుండా వంట చేసిన మనిషే అయివుంటారు.

పిడికెడంటే సుమారు 45 గ్రాములనుకోండి. ఆదివారాలతో కలిపితే ఈస్టరు ముందురోజు వరకు 46 రోజులు. పూటకొక పిడికెడు చొప్పున రెండు పూటలకు 92 పిడికిళ్ళు. అంటే ఇంటికి నాలుగు కిలోల పైమాటే. యాభై ఇళ్ళ సంఘమైతే రెండు క్వింటాళ్ళు. స్త్రీల సమాజం వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి కొలుచుకొని, కొంత అమ్మి పాస్టరుగారి జీతానికి కలిపేవారు, కొంత దిక్కులేని ముసలివాళ్ళకు ఇచ్చేవారు, మిగతాది ఈస్టరు భోజనానికి వుంచేవారు. సంఘపెద్దల మీటింగులో మాత్రం ఆడవాళ్ళకు కుర్చీ వుండేది కాదు. బియ్యం వాళ్ళవి, లెక్కలు వీళ్ళవి!

మా అమ్మమ్మ బైబిలు స్త్రీగా పనిచేసింది. ఈ మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. చదువొచ్చిన ఆడవాళ్ళను మిషనువాళ్ళు చిన్న జీతమిచ్చి ఊళ్ళకు పంపేవారు. వాళ్ళు నడుచుకుంటూ వెళ్ళి ఆడవాళ్ళను కూర్చోబెట్టి బైబిలు చదివి వినిపించేవారు, కీర్తనలు నేర్పేవారు, అక్షరాలు దిద్దించేవారు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరమ్మ అన్నా కుగ్లర్ గారి పేరు మీరు వినే వుంటారు. డాక్టరీ చదివి వచ్చిన ఆమెకు మిషనువాళ్ళు మొదట అప్పగించింది ఇళ్ళల్లో స్త్రీలకు చదువు చెప్పే పని. ఆవిడ వైద్యం మానలేదు. 1898లో గుంటూరులో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచారు. 1930లో కన్నుమూసేవరకు ఆ ఊరినే తన ఊరనుకున్నారు. ఆవిడ పేరు ఆసుపత్రికి మిగిలింది. మిగలవలసిందే. కాని ఆ రోజుల మిషను నివేదికల్లో దొరసానుల పేర్లు పేర్లుగా వుంటే, బైబిలు స్త్రీలు చాలాచోట్ల ‘ఇంతమంది’ అనే అంకెగానే వుండిపోయారు. ఎండాకాలంలో దొరసానమ్మగారు కొండమీద వున్నప్పుడు కింద ఊళ్ళకు నడిచి వెళ్ళింది ఆ అంకెలోని మనుషులే.

మట్టల ఆదివారం పిల్లల పండుగ. ముందురోజే మగపిల్లలు ఈతచెట్ల మీదపడి మట్టలు కొట్టుకొచ్చేవారు. ఆడవాళ్ళు వాటిని అల్లి సిలువలు, చిలకలు చేసేవారు. పిల్లలు ఆ మట్టలు పట్టుకొని హోసన్నా అంటూ పేట నుంచి బజారు మీదుగా గుడికి ఊరేగేవారు. మామూలు రోజుల్లో ఆ బజారులో తలవంచుకొని నడిచే తల్లుల బిడ్డలు ఆ ఒక్క పూట గొంతెత్తి పాడుతూ నడిచేవారు. ఆ ఊరేగింపుకు వున్న విలువ నాకు పెద్దయ్యాకగాని తెలియలేదు.

మంచి శుక్రవారం నాడు తెల్లచీరలు కట్టుకొని, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు గుళ్ళో కూర్చునేవాళ్ళం. క్రీస్తు సిలువమీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగించేవారు. మా సంఘంలో మూడోమాట స్త్రీల సమాజానిది. తల్లిని శిష్యుడికి అప్పగించిన మాట అది. ఒక ఏడాది దానిమీద మాట్లాడవలసిన ఆవిడ, కొడుకును పోగొట్టుకొని అప్పటికి నెల తిరగలేదు. లేచి నిలబడింది. రెండు మాటలు చెప్పి ఆగిపోయింది. ఎవరూ కదలలేదు. కాసేపటికి ఆడవాళ్ళ వరసలో ఎవరో మెల్లగా కీర్తన ఎత్తుకున్నారు, అందరూ కలిశారు. నేను విన్న ప్రసంగాలన్నిటిలో నాకు గుర్తున్నది అదొక్కటే. ఈ కథ మన తెలుగులో ఎంత ఇమిడిపోయిందో చూడండి. గుంటూరులో లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో కొన్నేళ్ళు పనిచేసిన జాషువాగారు తర్వాత ‘క్రీస్తు చరిత్ర’ రాస్తే, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

ఇక ఈస్టరు. ఆ తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్ళడం మన తెలుగు క్రైస్తవుల ఆచారం. వారం ముందే ఆడవాళ్ళు గడ్డి పీకి, మట్టి ఎగదోసి, సున్నం కొట్టేవారు. ఆ రోజు నాలుగింటికల్లా మల్లెలు, కనకాంబరాలు, కొవ్వొత్తులు పట్టుకొని బయల్దేరేవాళ్ళం. లైట్లు లేని కాలంలో ఎలా వెళ్ళేవారని అమ్మమ్మను అడిగాను. “చంద్రుడుంటాడే పిచ్చిదానా!” అంది. నిజమే కదా! పున్నమి దాటిన ఆదివారం కాబట్టి ఆ వేళకు ఆకాశంలో చంద్రుడుంటాడు. సువార్తలో కూడా ఆదివారం పొద్దున్నే సమాధి దగ్గరకు ముందుగా వెళ్ళింది ఆడవాళ్ళే. మా అమ్మమ్మ ఆ మాట ప్రతి ఏడూ గుర్తుచేసి మురిసిపోయేది.

ఇప్పుడు మా అమీర్‌పేట సంగతి. 1956లో రాష్ట్రం ఏర్పడ్డాక, ఉద్యోగాలతోపాటు గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాలనుంచి ఎన్నో కుటుంబాలు ఇటు వచ్చాయి. మా మామగారిదీ ఆ దారే. అమీర్‌పేట, పంజాగుట్ట సందుల్లో అద్దె ఇళ్ళల్లో చాపలు పరుచుకొని శ్రమదినాల ప్రార్థనలు పెట్టుకునేవారట. ఈతచెట్లు లేవు కాబట్టి, మట్టల ఆదివారానికి పంజాగుట్టలో కొబ్బరిబోండాలమ్మే అతన్ని బతిమాలి కొబ్బరిమట్టలు తెచ్చుకునేవారు. ఇప్పటికీ నేను అదే చేస్తాను. 2017లో వచ్చిన మెట్రో రైలు మా నెత్తిమీదుగా పోతుంది. కిందేమో మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లు, లేడీస్ హాస్టళ్ళు. ఆ హాస్టళ్ళలోని మన జిల్లాల ఆడపిల్లలు కొందరు శుక్రవారం ప్రార్థనకు మా ఇంటికొస్తారు. మెస్సులో తినేవాళ్ళకు బియ్యం ముంత ఎక్కడిది? అందుకని ఒక డబ్బా పెట్టారు, పూటకు రెండు రూపాయలు. పిడికిలి మారింది, పద్ధతి అదే. మునుపు కుర్చీ లేని చోట ఇప్పుడు స్త్రీలు గురువులుగా అభిషేకం పొంది బలిపీఠం దగ్గర నిలబడుతున్నారని వాళ్ళకు చెప్తే, ఇందులో వింతేముంది ఆంటీ అన్నట్టు చూస్తారు. అలా చూడడమే నాకు సంతోషం.

ఒక్క బాధ మాత్రం చెప్పి ముగిస్తాను. మా అమ్మమ్మ సమాధి మట్టిదిబ్బే. రాయి వేయించే స్తోమత అప్పుడు లేదు, తర్వాత ఎవరికి వాళ్ళం ఊళ్ళు వదిలేశాం. కిందటి ఈస్టరుకు నేను వెళ్ళలేకపోయాను. ఇక్కడ నారాయణగూడ సమాధుల తోటలో మా అత్తగారికి కొవ్వొత్తి వెలిగించి, ఊళ్ళో స్త్రీల సమాజంలో వున్న ఒకావిడకు ఫోన్ చేశాను. “వదినా, మీ అమ్మమ్మగారిది ఏదో తెలియలేదు. ఆ చివర మూడు దిబ్బలు ఒక్కలాగే వున్నాయి” అంది. నా గుండె జారిపోయింది. “మరేం చేశావమ్మా?” అన్నాను. “మూడింటికీ వెలిగించాను” అంది.

ఆవిడకు వెయ్యి దండాలు. కాని మిగతా ఆ రెండు దిబ్బలెవరివో ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఎన్ని వందల పిడికిళ్ళు ముంతలో వేశారో, ఏ ఊళ్ళు నడిచారో!

అందుకని మీకొక చిన్న మనవి. మీది ఏ మతమైనా సరే, గుడికో, మసీదుకో, చర్చికో, బడికో మీ ఇంటి పెద్ద ఆడవాళ్ళు చేసిన పని వుండే వుంటుంది. ఒక నోటుబుక్కు తీసుకొని వాళ్ళ పేరు, ఊరు, చేసిన పని రాసిపెట్టండి. పేరుతో సహా రాయండి. ‘మా అమ్మమ్మ’ అంటే మీ మనవరాలికి తెలియదు. నేను మొన్ననే మొదలుపెట్టాను. మొదటి పేజీలో మా అమ్మమ్మ పేరు రాశాను. ఇక్కడ మీకు చెప్పలేదెందుకంటే, ఇది చదివాక మీకు మీ అమ్మమ్మ పేరు గుర్తుకు రావాలని.

సెలవు.