కొత్త చిన్న కారు ధర, బేరం

కొత్త చిన్న కారు కొనేటప్పుడు డీలరుతో మాట్లాడి, చెల్లించవలసిన మొత్తాన్ని న్యాయమైన స్థాయికి తెచ్చుకొనే ప్రక్రియను కారు బేరం అనవచ్చును. భారతదేశంలో కారు ధరను తయారీ కంపెనీ ప్రకటిస్తుంది. దానికి పన్ను, బీమా, మరికొన్ని ఖర్చులు కలిపి డీలరు అమ్ముతాడు. కావున కూరగాయల అంగడిలో వలె ప్రకటించిన ధర మీదనే బేరం సాగదు. ప్రకటించిన ధరకు, చివరకు కట్టే మొత్తానికి నడుమ ఉన్న అంశాల మీద, కంపెనీ మరియు డీలరు ఇచ్చే తగ్గింపుల మీద మాత్రమే సాగుతుంది. చాలా మధ్యతరగతి కుటుంబాలకు ఇంటి తరువాత అతి పెద్ద కొనుగోలు కారే. ఈ నడుమ అంశాలను సరిగా చూసుకోనివారు ఒక నెల జీతమంత సొమ్మును అనవసరంగా కట్టే అవకాశం ఉంది.

పన్నుల లెక్కలో చిన్న కారు అనే మాటకు నిర్దిష్టమైన అర్థం ఉంది. 2006-07 కేంద్ర బడ్జెట్టులో, పొడవు 4 మీటర్లకు మించకుండా, పెట్రోలు ఇంజను అయితే 1200 సీసీ, డీజిలు ఇంజను అయితే 1500 సీసీ దాటని కార్లకు ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుండి 16 శాతానికి తగ్గించారు. ఆ కొలతలే తరువాత వచ్చిన వస్తు సేవల పన్నులోనూ కొనసాగాయి. భారతీయ విపణిలో కొన్ని కార్ల వెనుక భాగం కత్తిరించినట్లు పొట్టిగా కనిపించడానికి ఈ 4 మీటర్ల నిబంధనే కారణం.

చరిత్ర

లైసెన్సుల కాలంలో కారు కొనేవారికి తగ్గింపు అడిగే అవకాశం లేదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి కార్లకు డబ్బు కట్టి సంవత్సరాల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. వంతు వచ్చినవారు అదే కారును అసలు ధర కన్నా ఎక్కువకు మరొకరికి అమ్ముకొనేవారు. 1983 డిసెంబరులో మారుతి 800 విడుదలైనపుడు కూడా ముందుగా సొమ్ము కట్టినవారి సంఖ్య లక్ష దాటడంతో కార్లను లాటరీ ద్వారా కేటాయించారు.

1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు నిబంధన తొలగిన తరువాత పరిస్థితి మారింది. 1998లో హ్యుందాయ్ శాంత్రో, దేవూ మాటిజ్, టాటా ఇండికా ఒకే సంవత్సరంలో రావడంతో చిన్న కార్లలో నిజమైన పోటీ మొదలైంది. మారుతి తన ధరలు తగ్గించవలసి వచ్చింది. షోరూంలో కొనుగోలుదారుని మాటకు విలువ వచ్చినది అప్పటి నుండే అని చెప్పవచ్చును.

ప్రకటించిన ధరకు, చెల్లించే ధరకు గల తేడాకు ప్రసిద్ధమైన ఉదాహరణ టాటా నానో. 2008 జనవరిలో ప్రదర్శించినపుడు ఇది లక్ష రూపాయల కారుగా పేరు పొందింది. అయితే ఆ లక్ష పన్నులకు, రవాణాకు ముందు లెక్క. 2009 మార్చిలో విడుదలైనపుడు ఢిల్లీలో అతి తక్కువ రకం ఎక్స్ షోరూం ధరే లక్షా 20 వేలు దాటింది. రోడ్డు పన్ను, బీమా దానికి అదనం.

ధరలోని అంశాలు

ఎక్స్ షోరూం ధర అనేది కంపెనీ నిర్ణయించే ధర. ఇందులో వస్తు సేవల పన్ను, డీలరు లాభం, కర్మాగారం నుండి షోరూం వరకు రవాణా ఖర్చు కలిసే ఉంటాయి. 2017 జూలై 1 నుండి చిన్న పెట్రోలు కార్లపై 28 శాతం పన్ను, 1 శాతం సెస్సు ఉండేవి (డీజిలు కార్లకు సెస్సు 3 శాతం). 2025 సెప్టెంబరు 22 నుండి ఈ రెండు రకాలకూ సెస్సు తీసివేసి పన్నును 18 శాతం చేశారు. పన్ను తగ్గింపు పూర్తిగా బదిలీ అయితే పెట్రోలు చిన్న కారు ఎక్స్ షోరూం ధర దాదాపు ఎనిమిదిన్నర శాతం తగ్గాలి. అనగా పాత ధర 6 లక్షలైతే కొత్త ధర సుమారు 5 లక్షల 49 వేలు. ఇది ప్రభుత్వం ఇచ్చిన తగ్గింపు. దీనిని తన సొంత ఆఫరు వలె చూపించే అమ్మకపు ప్రతినిధి మాటను లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

జీవితకాల పన్ను రాష్ట్ర ప్రభుత్వానికి చెందుతుంది. దీనిపై బేరం ఉండదు. తెలంగాణలో 2022 మే నెలలో సవరించిన రేట్ల ప్రకారం 5 లక్షల లోపు కార్లకు 13 శాతం, 5 నుండి 10 లక్షల కార్లకు 14 శాతం పన్ను నిర్ణయించారు. అందువలన 5 లక్షల గీతకు అటూ ఇటూ ఉన్న రెండు రకాల మధ్య తేడా ప్రకటనలో కనిపించేదానికన్నా ఎక్కువ.

బీమా విషయంలో మాత్రం కొనుగోలుదారుకు చాలా స్వేచ్ఛ ఉంది. సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. దీని ప్రీమియం ప్రభుత్వం ప్రకటించిన పట్టిక ప్రకారమే ఉంటుంది. 2022 జూన్ పట్టికలో మూడేళ్ళకు 1000 సీసీ లోపు కారుకు రూ.6,521, 1000 నుండి 1500 సీసీ కారుకు రూ.10,640 గా నిర్ణయించారు. సొంత కారుకు కలిగే నష్టానికి చెల్లించే బీమా ప్రీమియం మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. షోరూంలో ఇచ్చే పాలసీకి, బయట అదే విలువకు, అదే రక్షణలతో దొరికే పాలసీకి మధ్య వేల రూపాయల తేడా ఉండడం సాధారణం. బీమా నియంత్రణ సంస్థ 2017లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం డీలరు తన వద్దనే బీమా తీసుకోవాలని ఒత్తిడి చేయరాదు. పోల్చేటప్పుడు రెండు పాలసీలలోనూ కారు బీమా విలువ, జీరో డిప్రిసియేషన్ వంటి అదనపు రక్షణలు ఒకటే అయి ఉండాలి. లేనిచో తక్కువ ప్రీమియం అనేది మాయ మాత్రమే.

హ్యాండ్లింగ్, లాజిస్టిక్స్, డిపో ఛార్జీలు అనే పేర్లతో కొందరు డీలర్లు వేసే మొత్తాన్ని ఏ చట్టమూ విధించలేదు. రవాణా ఖర్చు ఎక్స్ షోరూం ధరలోనే ఉన్నందున ఇది రెండవసారి వసూలు చేయడమే అవుతుంది. గట్టిగా అడిగినచోట దీనిని తీసివేయడం పరిపాటి. ఇక సీటు కవర్లు, మ్యాట్లు, బాడీ కవరు, టెఫ్లాన్ పూత, పొడిగించిన వారంటీ వంటివి కొనుగోలుదారు కోరితేనే చేర్చవలసినవి. అయినా వీటిని ఒక "కిట్" గా కట్టి కొటేషనులో ముందే వేయడం కనిపిస్తుంది. వీటిలో పొడిగించిన వారంటీ ఒక్కటి మాత్రం కారును ఎక్కువ కాలం ఉంచుకొనేవారికి ఆలోచించదగినది. అయితే దానిని బుకింగు రోజునే తీసుకొనే అవసరం లేదు. చాలా కంపెనీలు మొదటి వారంటీ ముగిసేలోపు దానిని కొనడానికి అనుమతిస్తాయి.

ఒక లెక్క

ఈ క్రింది అంకెలు కేవలం ఉదాహరణకు. ఎక్స్ షోరూం ధర రూ.6,50,000 గల కారుకు 14 శాతం చొప్పున జీవితకాల పన్ను రూ.91,000. రిజిస్ట్రేషను, నంబరు ప్లేట్లు, ఫాస్టాగ్ కలిపి రూ.3,000 అనుకుంటే, మార్చడానికి వీలులేని భాగం రూ.7,44,000. ఒక డీలరు దీనికి బీమా రూ.38,000, వారంటీ రూ.12,000, యాక్సెసరీలు రూ.22,000, హ్యాండ్లింగ్ రూ.8,000 కలిపి మొత్తం రూ.8,24,000 చూపి, అందులో రూ.25,000 డిస్కౌంటు ఇచ్చి రూ.7,99,000కు "ఫైనల్" చేశాడనుకుందాం. మరొక డీలరు ఏ డిస్కౌంటూ ఇవ్వలేదు. కానీ బీమా బయట రూ.27,000కు తీసుకోవడానికి ఒప్పుకొని, రూ.6,000 విలువ గల మ్యాట్లు, సీటు కవర్లు మాత్రమే చేర్చాడు. అక్కడ మొత్తం రూ.7,77,000. డిస్కౌంటు పెద్దదిగా ఉన్నచోటనే కారు రూ.22,000 ఎక్కువ పడింది. వారంటీ నిజంగా కావలసినవారికి రెండవ డీలరు వద్ద రూ.12,000 కలుపుకున్నా ఇంకా రూ.10,000 మిగులుతుంది. డిస్కౌంటు ఎంత అని కాక, ఆన్ రోడ్ మొత్తం ఎంత, అందులో ఏమేమి ఉన్నాయి అని అడగాలనడానికి కారణం ఇదే.

డీలరు పరిస్థితి

చిన్న కారుపై డీలరుకు కంపెనీ ఇచ్చే లాభం ఎక్స్ షోరూం ధరలో పది శాతానికి లోపే ఉంటుంది. షోరూం అద్దె, సిబ్బంది జీతాలు అందులో నుండే రావాలి. కనుక లక్ష రూపాయలు తగ్గించమని అడగడంలో అర్థం లేదు. డీలరుకు బీమా కమీషను, ఋణం ఇప్పించినందుకు బ్యాంకు ఇచ్చే కమీషను, యాక్సెసరీలు, సర్వీసు ముఖ్యమైన ఆదాయాలు. నెలవారీ అమ్మకాల లక్ష్యం చేరుకుంటే కంపెనీ ప్రోత్సాహకం కూడా ఇస్తుంది. నెలాఖరున రెండు మూడు కార్లు తక్కువైన డీలరు తన లాభంలో కొంత వదులుకోవడానికి సిద్ధపడడం ఇందువలననే.

డీలరు కార్లను సాధారణంగా బ్యాంకు అప్పుతో తెచ్చుకుంటాడు. కారు నిలువ ఉన్న ప్రతి రోజూ వడ్డీ పెరుగుతుంది. డీలర్ల సమాఖ్య అయిన ఫాడా 21 రోజుల నిలువ ఉంటే చాలునని చెబుతూ వచ్చింది. 2024లో దేశంలో ఈ నిలువ 70 రోజులు దాటినట్లు ఆ సంస్థే ప్రకటించింది. అటువంటి కాలంలో అడిగిన రంగు, అడిగిన రకం వెంటనే దొరకడమే కాక తగ్గింపు కూడా పెరుగుతుంది. దీనికి భిన్నంగా, కొత్తగా విడుదలై నెలల తరబడి వెయిటింగు ఉన్న కారుపై బేరం దాదాపు ఉండదు.

కాలం, తగ్గింపులు

తెలుగువారి విషయంలో పంచాంగానికి కూడా కారు ధరతో సంబంధం ఉంది. ఆషాఢమాసంలో, మూఢం రోజులలో కొత్త వాహనం కొనడానికి చాలామంది ఇష్టపడరు. కాబట్టి అమ్మకాలు తగ్గి షోరూంలలో ఆషాఢం ఆఫర్లు వెలుస్తాయి. దసరా, ఉగాది రోజులలో ప్రకటనలు ఘనంగా ఉన్నా, ఆ రోజే డెలివరీ కావాలని పట్టుబట్టేవారికి బేరమాడే బలం తక్కువ. ఆఫరు ఉన్న రోజులలో ధర ఒప్పందం చేసుకొని, డెలివరీ మంచిరోజున తీసుకోవడం కొందరు పాటించే ఉపాయం. అయితే కొన్ని ఆఫర్లు ఆ నెలలోనే బిల్లు అయిన కార్లకు మాత్రమే వర్తిస్తాయి. ఈ విషయం ముందే అడగాలి.

డిసెంబరులో తగ్గింపులు ఎక్కువగా ఉండడానికి కారణం, జనవరి రాగానే నిలువ ఉన్న కారు "పోయిన సంవత్సరపు కారు" అవడమే. అమ్మేటప్పుడు దానికి ఒక సంవత్సరం వయసు ఎక్కువగా లెక్కకడతారు. పది సంవత్సరాలు ఉంచుకొనేవారికి ఇది పెద్ద నష్టం కాదు. మూడు నాలుగేళ్ళలో మార్చేవారు ఆ నష్టాన్ని తగ్గింపుతో సరిచూసుకోవాలి.

నగదు తగ్గింపు, పాత కారు ఇచ్చేవారికి ఎక్స్ఛేంజి బోనసు, ఉద్యోగులకు కార్పొరేటు తగ్గింపు, అదే కంపెనీ పాత వినియోగదారులకు లాయల్టీ బోనసు వేర్వేరు. వీటిలో ఏది ఎవరికి వర్తిస్తుందో డీలరు తనంత తానుగా చెప్పకపోవచ్చు. పాత కారు విషయంలో బోనసు రూ.20,000 ఇచ్చి, కారు విలువను రూ.40,000 తక్కువ కట్టే పద్ధతి ఉంది. పాత కారు ధరను ముందుగా బయట తెలుసుకొని, కొత్త కారు ధర తేలిన తరువాతనే దాని ప్రస్తావన తేవడం మేలు.

కంపెనీల నియంత్రణ

డీలరు ఎక్కువ తగ్గింపు ఇవ్వదలచినా ఇవ్వలేని పరిస్థితి కూడా ఉండవచ్చు. 2021 ఆగస్టు 23న భారత పోటీ కమీషను మారుతి సుజుకీ సంస్థకు 200 కోట్ల రూపాయల జరిమానా విధించింది. తాను నిర్ణయించినదానికన్నా ఎక్కువ తగ్గింపు ఇవ్వరాదని ఆ కంపెనీ డీలర్లను కట్టడి చేసిందని, కొనుగోలుదారుల వలె నటించే మనుషులను షోరూంలకు పంపి పరీక్షించిందని, పట్టుబడిన డీలర్లకు జరిమానాలు వేయించిందని కమీషను నిర్ధారించింది. కంపెనీ ఈ తీర్పుపై అప్పీలు చేసింది. ఇటువంటి ఆరోపణపైనే 2017 జూన్‌లో హ్యుందాయ్‌కు కమీషను విధించిన 87 కోట్ల జరిమానాను 2018లో అప్పిలేట్ ట్రిబ్యునల్ కొట్టివేసింది. ఒకే నగరంలో నలుగురు డీలర్లు ఒకే అంకె చెప్పినపుడు అది న్యాయమైన ధర అని అనుకోనక్కరలేదని ఈ వివాదాలు సూచిస్తాయి.

ఋణం

నెల వాయిదా ఎంత అనే ప్రశ్నతో మొదలయ్యే బేరం సాధారణంగా డీలరుకే లాభిస్తుంది. వ్యవధి పెంచి వాయిదాను ఎంతకైనా తగ్గించవచ్చును. ఫ్లాట్ వడ్డీ అనే మాట మరింత ప్రమాదకరమైనది. 5 లక్షల అప్పుకు ఐదేళ్ళకు 6 శాతం ఫ్లాట్ వడ్డీ అంటే మొత్తం వడ్డీ లక్షన్నర, వాయిదా రూ.10,833. తగ్గుతున్న అసలుపై లెక్క కడితే ఇది దాదాపు 10.8 శాతం వడ్డీ. బ్యాంకు 9.5 శాతానికి ఇచ్చే ఋణం దీనికన్నా చవక. ముందుగా బ్యాంకులో ఋణం ఖాయం చేసుకొని వెళ్ళేవారు ఈ చిక్కు నుండి తప్పించుకుంటారు.

బుకింగు, డెలివరీ

కనీసం ఇద్దరు ముగ్గురు డీలర్ల వద్ద, వీలైతే పక్క పట్టణంలో కూడా, ఒకే రకం కారుకు అంశాలవారీగా వ్రాతపూర్వక కొటేషను తీసుకోవాలి. నోటి మాటగా చెప్పిన ఉచిత వస్తువులు బుకింగు పత్రంలో వ్రాయించుకోకపోతే డెలివరీ రోజున వాటిని రుజువు చేయడం కష్టం. బుకింగు రద్దయితే ఎంత సొమ్ము తిరిగి వస్తుందో, డెలివరీలోపు ధర పెరిగితే ఎవరు భరించాలో కూడా ఆ పత్రంలో ఉండాలి. చాలా కంపెనీల పత్రాలలో డెలివరీ నాటి ధరే వర్తిస్తుందని చిన్న అక్షరాలలో ఉంటుంది.

పూర్తి సొమ్ము కట్టకముందే కారు ఛాసిస్ నంబరు, తయారైన నెల చూడాలి. తయారీ నెలను కారుపై ముద్రించడం మోటారు వాహనాల నిబంధనల ప్రకారం తప్పనిసరి. ఎనిమిది నెలలుగా ఎండలో నిలిచిన కారును కొత్త నిలువ ధరకు కొనడం బేరం చెడినట్లే. రిజిస్ట్రేషను అయిన తరువాత దానిని తిరిగి ఇవ్వడం దాదాపు అసాధ్యం. కట్టిన ప్రతి రూపాయికీ పన్ను బిల్లు లేదా రశీదు అడగాలి. రశీదు ఇవ్వని ఛార్జీలపై జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు, ఆపై 2019 వినియోగదారుల రక్షణ చట్టం క్రింద జిల్లా కమీషనుకు ఫిర్యాదు చేయవచ్చును.

ఇతర దేశాలలో

అమెరికాలో 1958 నాటి చట్టం ప్రకారం ప్రతి కొత్త కారు అద్దంపై కంపెనీ సూచించిన ధర, అదనపు హంగుల ధరలు, రవాణా ఖర్చు చూపే కాగితం అంటించాలి. దీనిని ప్రతిపాదించిన ఓక్లహోమా సెనేటరు మైక్ మన్రోనీ పేరుతో ఆ కాగితాన్ని పిలుస్తారు. అక్కడ డీలరు దానికన్నా తక్కువకు గాని, ఎక్కువకు గాని అమ్మవచ్చు. 2021-22లో చిప్పుల కొరత వలన చాలా కార్లు ఆ ధర కన్నా ఎక్కువకే అమ్ముడుపోయాయి. అమెరికాకు కొత్తగా వెళ్ళిన తెలుగువారికి అక్కడ తేడాగా కనిపించేది కారు ధర మీదనే నేరుగా బేరం సాగడం. డీలరుకు కంపెనీ వేసిన ఇన్వాయిస్ ధర వివరాలు కూడా అక్కడ బహిరంగంగా దొరుకుతాయి. భారతదేశంలో అటువంటి వివరాలు కొనుగోలుదారుకు అందుబాటులో ఉండవు.